మొహానికి యాసిడ్డా!

"అమ్మాయ్! ఇలా రా! ఈ పిల్ల మొహానికి యాసిడ్ పూసుకుంటోందే!"

మా అత్తగారు పెట్టిన ఆ కేకకి నా చేతిలో గరిటె జారి పప్పుగిన్నెలో పడింది. సరిగ్గా అప్పుడే మా ఇంటి మీద నించి ఒక విమానం దిగుతోంది. శంషాబాద్‌లో వుండేవాళ్లకి ఇది అలవాటే. ఎవరైనా ముఖ్యమైన మాట మొదలుపెట్టగానే పైన విమానం వస్తుంది. అది వెళ్లేదాకా నోరు తెరుచుకుని ఆగి, తర్వాత మిగతా సగం పూర్తి చేస్తాం. మా ఇంట్లో పోట్లాటలు పెద్దవి కాకపోవడానికి సగం పుణ్యం ఆ విమానాలదేనని మావారు అంటూ వుంటారు. ఆ రోజు మాత్రం మా అత్తగారు విమానాన్ని లెక్కచెయ్యలేదు. దానికంటే ఒక మెట్టు పైస్థాయిలో అరిచారు.

గదిలోకి పరిగెత్తి చూస్తే దృశ్యం ఇదీ. మా మేనకోడలు - మా ఆడపడుచు కూతురు - అద్దం ముందు బుగ్గ మీద వేలు పెట్టి బొమ్మలా నిలబడిపోయింది. వేలి చివర శనగగింజంత తెల్లని క్రీము. మా అత్తగారి చేతిలో ఆ క్రీము తాలూకు ట్యూబు. ఆవిడ కళ్లజోడు పైకెత్తి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, "అ...జె...లె...యి...క్ యాసిడ్! చూడు, నీ కళ్లతో నువ్వే చూడు!" అన్నారు.

గుమ్మంలో నించుని వున్న మా పనిచేసే అవ్వ కూడా గుండెల మీద చెయ్యేసుకుంది. "అయ్యో, గదేందమ్మా! యాసిడ్ అంటే బాత్రూంల పోసేది గాదు? మొకానికి ఎట్ల పూస్తరు?"

నవ్వకండి. నిజం చెప్పొద్దూ, బి.ఏ. తెలుగు సాహిత్యం చదువుకున్న నేను కూడా ఓ నెల క్రితం డాక్టరు చీటీలో ఆ మాట చూసి అంతే వులిక్కిపడ్డాను. మనకి యాసిడ్ అంటే తెలిసినవి రెండే. ఒకటి, సైకిల్ వెనక డబ్బాలు కట్టుకుని "యాసిడ్... ఫినాయిల్..." అని అరుస్తూ వీధిలో వెళ్లే అతను అమ్మేది. పాచి పట్టిన బండల మీద పోస్తే పొగలు కక్కేది. రెండోది తలుచుకోవడానికే భయం. 2008 డిసెంబరులో వరంగల్లో ఇద్దరు ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లల మీద జరిగిన ఘోరం మన రాష్ట్రంలో ఏ తల్లి మర్చిపోతుంది? ఆ తర్వాత చాలా రోజులు, కాలేజీకి వెళ్లిన పిల్ల సాయంత్రం ఇంటికొచ్చేదాకా తల్లులు వీధి గుమ్మంలోనే నించున్నారు. 2013లో సుప్రీంకోర్టు కలగజేసుకుని, కొనేవాడి గుర్తింపు కార్డు చూడకుండా, పుస్తకంలో రాసుకోకుండా, పద్ధెనిమిదేళ్లు నిండనివాళ్లకి అసలే, యాసిడ్ అమ్మకూడదని చెప్పింది. అలాంటి మాట ఒక ఆడపిల్ల మొహం పక్కన కనబడితే మా అత్తగారు కేకపెట్టడంలో తప్పేముంది?

కానీ ఆ రోజు నాకు భయం వేసింది ఆ ట్యూబుని చూసి కాదు. ఆ కేక వల్ల, నేను నెలరోజులుగా దాచుకుంటున్న సంగతి ఒకటి బయటికి రాబోతోందని. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

2008 మార్చిలో బేగంపేట నించి విమానాలన్నీ శంషాబాద్‌కి తరలివచ్చాయి. మావారిది సరుకు రవాణా ఉద్యోగం కాబట్టి ఆయన విమానాల వెనక, ఆయన వెనక మేమూ వచ్చేశాం. అప్పట్లో బెంగుళూరు రోడ్డు పక్కన ఇదొక వూరు. అమ్మపల్లి రాములవారి గుడికో, లేకపోతే ఆ గుడి దగ్గర జరిగే సినిమా షూటింగు చూడ్డానికో తప్ప పట్నం వాళ్లు ఇటు వచ్చేవాళ్లు కారు. మా అవ్వ ఇప్పటికీ డాబా ఎక్కినప్పుడల్లా గోడ అవతలకి చెయ్యి చూపించి, "గాడ మా అత్తగారోళ్లు జొన్న ఏస్తుండె" అంటుంది. ఆవిడ చూపించిన చోట ఇప్పుడు రన్‌వే లైట్లు వరసగా వెలుగుతూ వుంటాయి.

విమానాశ్రయం వచ్చాక చుట్టుపక్కల ఆడపిల్లలకి కొత్త ఆశలు వచ్చాయి. టీచరో నర్సో అనుకునే పిల్లలు టై లాంటి స్కార్ఫు కట్టుకుని, జుట్టు నున్నగా ముడివేసుకుని, టిక్కెట్లు చూసే కౌంటర్ల దగ్గర నిలబడే ఉద్యోగాల గురించి మాట్లాడుకోసాగారు. మా మేనకోడలు కూడా అందుకే మహబూబ్‌నగర్ నించి సంక్రాంతి వెళ్లగానే పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తండ్రి లేని పిల్ల. మా ఆడపడుచు ఆ ఒక్కదాన్నీ కుట్టుమిషను మీద పెంచింది. ఈ పిల్లకి ఉద్యోగం వస్తే ఆ మిషనుకి విశ్రాంతి.

పిల్ల చురుకైనది. మాట తీయనిది. ఇంగ్లీషు, హిందీ గడగడా మాట్లాడుతుంది. ఒక్కటే లోపం, మొహం నిండా మొటిమలు. లోపం అన్న మాట నాది కాదు లెండి. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కళ్లూ కాఫీ కప్పు కింద పెట్టకుండానే అనేమాట.

మనవాళ్లలో ఒక సుగుణం వుంది. మొటిమ కనబడితే చాలు, అందరూ డాక్టర్లే! మా అత్తగారు సున్నిపిండి అన్నారు. పక్కింటావిడ మంచిగంధం అంది. ఎదురింటి అమ్మాయి రాత్రి పళ్లపేస్టు పెట్టుకుని పడుకోమంది. అవ్వ పసుపూ వేపాకూ నూరి తెచ్చింది. ఒకావిడయితే నిమ్మచెక్క తెచ్చి పిల్ల మొహానికి తనే రుద్దబోయింది. భగ్గున మండి పిల్ల ఎగిరి గంతేసింది. "మండితేనే పనిచేస్తున్నట్టు" అని ఆవిడ సిద్ధాంతం. నిమ్మకాయలో వున్నదీ యాసిడ్డేనని, అదెంత ఘాటో ఎవరూ కొలవరని, అది పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి నల్లమచ్చలు పడొచ్చని తర్వాత డాక్టరమ్మ చెబితే గాని మాకు తెలియదు. వంటింట్లో వుండేది గనక దానికి భయపడలేదు. అంతే.

ఉగాది వెళ్లాక ఇంటర్వ్యూ అన్నారు. పది రోజులు టైముంది. ఆ రాత్రి పిల్ల అద్దం ముందు కూచుని, పౌడరు వేసుకుని, తుడుచుకుని, మళ్లీ వేసుకుని, చివరికి మోకాళ్లలో తలపెట్టుకుని ఏడ్చింది. నాకు కడుపు తరుక్కుపోయింది. అప్పుడు నేను లేచి వెళ్లి, నా బీరువాలో చీరల కింద దాచుకున్న చిన్న గులాబీరంగు డబ్బా తీసుకొచ్చి దాని చేతిలో పెట్టాను.

అక్కడుంది నా నేరం.

ఆ డబ్బా కథ చెబుతాను. నలభై దాటాక నా బుగ్గల మీద మంగుమచ్చలు వచ్చాయి. ఒక డాక్టరు ఆరువారాలు రాసుకుని మళ్లీ రమ్మని ఆ క్రీము రాసిచ్చారు. ఆరువారాల్లో మచ్చలు మాయం! ఫలితం అంత బాగుంటే మళ్లీ డాక్టరు దగ్గరికి ఎవరు వెళతారు? చీటీ నలిగి చిరిగేదాకా నేనే కొనుక్కుంటూ వచ్చాను. ఏదైనా సభకి వెళ్లాలన్నా, ఫొటో పత్రికలో వస్తుందన్నా నాలుగు రోజుల ముందు నించీ రాసుకునేదాన్ని. మావారికి కూడా తెలియదు. "ఈమధ్య నీ మొహం కళగా వుందోయ్" అంటే, "కొత్త సీరియల్ బాగా వస్తోంది" అనేదాన్ని.

పిల్లకి నాలుగు రోజుల్లో మొటిమలు అణిగిపోయాయి. వారానికి మొహం నున్నగా, తెల్లగా, అద్దంలా అయింది. ఇంటర్వ్యూకి వెళ్లింది. నెగ్గింది. అందరూ, "ఎంత బాగున్నావే!" అన్నారు. అది నా మెడ చుట్టూ చేతులు వేసి, "అత్తయ్యా, నీ ధర్మమే" అంది. నేను వుబ్బిపోయాను. ట్యూబు పూర్తిగా దానికే ఇచ్చేశాను.

ఉద్యోగం వచ్చింది కదా అని పిల్ల క్రీము మానేసింది. వారం తిరక్కుండా మొహం మంటలు. అంతకు ముందు పది మొటిమలుంటే ఇప్పుడు వంద. చర్మం ఎర్రగా కమిలి, ఉల్లిపొరలా పలచబడి, పొయ్యి దగ్గరికి వెళ్లినా సెగ తగిలి విలవిల్లాడేది. మళ్లీ రాస్తే తగ్గేది. ఆపితే రెట్టింపయ్యేది. నేనిచ్చిన ట్యూబు అయిపోయాక, ఖాళీది చూపించి ఎక్కడో మందుల షాపులో ఇంకోటి కొంది. అదీ అయిపోయింది. బుగ్గల మీద ఎర్రని సన్నని నరాలు, పైపెదవి మీద నూగు. మూడు నెలల్లో ఆ చురుకైన పిల్ల గదిలోంచి బయటికి రావడం మానేసింది. వస్తే చున్నీ ముక్కు దాకా చుట్టుకుని వచ్చేది. హైదరాబాదులో స్కూటర్ల మీద వెళ్లే ఆడపిల్లలంతా ఎండకీ దుమ్ముకీ అలాగే చుట్టుకుంటారు కాబట్టి వీధిలో ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా చుట్టుకుంటే మాత్రం అనుమానం రాక ఏమవుతుంది?

ఉద్యోగంలో చేరే తేదీకి జ్వరమని ఒక వాయిదా అడిగింది. ఇంకో వాయిదా అడిగింది. మూడోది వుండదని వాళ్లు చెప్పేశారు. ఇంక లాభం లేదని ఒకరోజు నేనే దాన్ని పుష్పక్ బస్సెక్కించి పట్నం తీసుకెళ్లాను. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద అన్ని అడ్రసులూ స్తంభాల నంబర్లే కదా! ఫలానా నంబరు స్తంభం ఎదురుగా మేడ మీద ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ.

ఆవిడ చున్నీ తియ్యమంది. ఒక్క చూపు చూసి, దీపం కూడా వెయ్యకుండా, "ఏం క్రీము వాడావమ్మా?" అంది. పిల్ల ఖాళీ ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నీకెవరిచ్చారు?"

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. అక్కడ నెత్తి మీద విమానమన్నా రాలేదు! పిల్ల నావైపు చూడలేదు. తల వంచుకుని, "నేనే షాపులో కొనుక్కున్నా మేడమ్" అంది.

సగం నిజమే. రెండో ట్యూబు అది కొనుక్కున్నదే. ఆ సగం నిజం చాటున నేను, పధ్నాలుగు నవలల్లో సత్యం కోసం ప్రాణాలిచ్చే పాత్రల్ని సృష్టించిన నేను, నోరు మూసుకుని కూచున్నాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఇలాంటి మొహాలు రోజూ వస్తాయని చెప్పింది. ఆ క్రీములో మూడు మందులుంటాయిట. మచ్చని పలచబరిచేదొకటి. విటమిన్ ఎ నించి వచ్చే రెటినాయిక్ యాసిడ్ ఒకటి. మూడోది స్టెరాయిడ్. సరయిన జబ్బుకి, సరయిన కాలం వాడితే స్టెరాయిడ్ మంచి మందేట. మొటిమల మీద నెలల తరబడి రాస్తే మాత్రం మొదట దేవతలా వరమిచ్చి తర్వాత అప్పులవాడిలా పీక పట్టుకుంటుంది. ఈ దేశంలో తెల్లబడాలన్న ఆశతో దీన్ని పౌడరులా రాసుకునేవాళ్లు ఎంతమందంటే, చర్మవైద్యులు అలా పాడయిన మొహానికి ఒక ప్రత్యేకమైన పేరే పెట్టుకున్నారు. 2018 మార్చిలో కేంద్రప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని, డాక్టరు చీటీ వుంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది కూడా. చీటీ లేకుండా బీరువాలోంచి తీసిచ్చే మేనత్తల్ని ఏ జాబితాలో చేర్చాలో నాకు తెలియదు.

మొదటి నెల క్రీము ఆపించి, మింగడానికి బిళ్లలూ, మంట తగ్గడానికి ఒక ఆయింట్‌మెంటూ, చర్మం ఆరకుండా ఒక లేపనమూ ఇచ్చింది. ఆ నెల నరకం. పిల్ల మొహం ఇంకా పేలి, తర్వాత మెల్లగా చల్లబడింది. నెల తర్వాత చూసి అప్పుడు రాసింది, అజెలెయిక్ యాసిడ్.

"యాసిడ్డా మేడమ్!" అన్నాను వణుకుతూ.

ఆవిడ నవ్వి, "నిన్న ఏం కూర వండారు?" అని అడిగింది. "పులుసు" అన్నాను. "అయితే యాసిడ్ తిన్నారన్నమాట" అంది. చింతపండులో టార్టారిక్ యాసిడ్, పెరుగులో లాక్టిక్ యాసిడ్, నిమ్మలో సిట్రిక్ యాసిడ్. మన నాలిక పులుపు అన్నదంతా రసాయనశాస్త్రం ఆమ్లం అంటుంది. అమ్మమ్మలు శనగపిండిలో పెరుగు కలిపి మొహానికి రాసినప్పుడు రాసింది లాక్టిక్ యాసిడ్డే. పేరు తెలియదు కాబట్టి భయపడలేదు.

తర్వాత ఆవిడ చెప్పిన కబుర్లు నాకు నవలకంటే రుచిగా వున్నాయి. సాలిసిలిక్ యాసిడ్ అని ఒకటుంది. మొదట విల్లో చెట్టు బెరడు నించి పుట్టిన కుటుంబం. మన తలనొప్పి బిళ్ల ఆస్పిరిన్‌కి దగ్గర బంధువు. దానికి నూనెలో కలిసిపోయే గుణం వుంది కాబట్టి చర్మపు రంధ్రంలోకి దిగి, అక్కడ జిడ్డూ మృతచర్మమూ కలిసి బిగుసుకున్న బిరడాని వదులు చేస్తుంది. ఆ బిరడాయే మొటిమకి మొదలు. మొహానికి వాడేదాంట్లో అది నూటికి రెండు పాళ్లకి మించదు. అదే యాసిడ్ నూటికి నలభై పాళ్లు పెడితే కాలి ఆనెకాయని కరిగించే పట్టీ అవుతుంది. మా చిన్నప్పుడు తామరకి రాసిన విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంటులో వున్నదీ అదే. ఒకే మనిషి పాలు పెంచి కోపగించుకున్నట్టు! కాలి పట్టీ బాగా పనిచేసిందని దాన్ని మొహానికి అంటించుకుంటే ఏమవుతుందో ఆలోచించుకోండి.

గ్లైకాలిక్ యాసిడ్ చెరుకులో వుంటుంది. అది పైపొరని వూడదీస్తుంది. పలచనిది ఇంట్లో వాడొచ్చు గాని, ఘాటైనది డాక్టరు చేతుల్లోనే వుండాలి. రెటినాయిక్ యాసిడ్‌ని మొటిమలకి వాడడానికి అమెరికాలో 1971లోనే అనుమతించారు. మంచిదే గాని గర్భిణులు వాడకూడదు. ఇక మా పిల్లకి రాసిన అజెలెయిక్ యాసిడ్ గోధుమల్లోనూ బార్లీలోనూ వుంటుంది. దాని పుట్టుక మరీ విచిత్రం. మన వీపు మీదా మెడ మీదా తెల్లగా శోభి మచ్చలు పడతాయి చూడండి, వాటిని తెచ్చే బూజు కూడా దీన్ని తయారుచేస్తుందిట. ఆ మచ్చ తెల్లబడ్డం ఎందుకని 1970లలో ఇటలీ డాక్టర్లు వెతుక్కుంటూ వెళితే ఈ యాసిడ్ దొరికింది. తర్వాత తెలిసింది, ఇది మొటిమల్లోని సూక్ష్మక్రిముల్ని అణుస్తుందనీ, మొటిమ మానాక మన రంగు చర్మాల మీద నెలల తరబడి వుండిపోయే నల్లమచ్చని కూడా తగ్గిస్తుందనీ. మా చిన్నప్పుడు శోభి వుందని పక్కన కూచోనివ్వని పిల్లల్ని తలుచుకుని నాకు సిగ్గేసింది.

"అయితే నాలుగు రోజుల్లో తగ్గిపోతుందా?" అంది పిల్ల ఆశగా.

"నాలుగు రోజుల్లో తగ్గించేది వాడే కదమ్మా ఇలా వచ్చావు?" అంది డాక్టరమ్మ. "చర్మం పాత పొర వదిలి కొత్తది వేసుకోవడానికే సుమారు నెల పడుతుంది. పన్నెండు వారాలు. శనగగింజంత తీసుకుని మొదట రోజు మార్చి రోజు. కొంచెం చిమచిమలాడుతుంది, భగ్గుమంటే ఆపి నాకు చెప్పు. పగలు ఎండ తగలకుండా సన్‌స్క్రీన్. గిల్లకూడదు, రుద్దకూడదు. ఇంకొకళ్లది నువ్వు రాసుకోకూడదు, నీది ఇంకొకళ్లకి ఇవ్వకూడదు."

ఆ చివరి వాక్యం చెప్పేటప్పుడు ఆవిడ నా మొహం వైపు చూసింది. నా బుగ్గల మీద కూడా ఎర్రని సన్నని నరాలు వుండి వుంటాయి. డాక్టర్లకి అబద్ధం చెప్పినా చర్మం చెప్పదు.

సరే, మళ్లీ మా గదిలోకి వద్దాం. మా అత్తగారు ట్యూబు పట్టుకుని చెత్తబుట్ట వైపు నడుస్తున్నారు. "ఈ యాసిడ్ పూసుకునే దాని మొహం ఇలా తగలబడింది! ఏ డాక్టరయితే నాకేం!" అంటున్నారు. పిల్ల, "అమ్మమ్మా, దాని వల్ల కాదు" అంది. "మరి దేని వల్ల?" అన్నారు ఆవిడ. పిల్ల మాట్లాడలేదు. ఈసారి కూడా నావైపు చూడలేదు.

రెండుసార్లు ఆ పిల్ల నన్ను కాపాడింది. మూడోసారి కాపాడించుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

"నా వల్ల అత్తయ్యగారూ" అన్నాను. బీరువా తెరిచి, చీరల కింద మిగిలిన ఇంకో గులాబీ డబ్బా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. అంతా చెప్పేశాను. మధ్యలో రెండు విమానాలు వచ్చాయి. రెండుసార్లూ ఆగి, మళ్లీ చెప్పాను. ఒప్పుకోలు మధ్యలో అలా ఆగి నించోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఆవిడ రెండు చేతుల్లో రెండూ పట్టుకుని చూశారు. ఒకదాని మీద యాసిడ్ అని పెద్ద అక్షరాలు. రెండోదాని మీద పువ్వు బొమ్మ.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. మంచం మీద కూచుని నెమ్మదిగా అన్నారు. "నన్ను చూడ్డానికి వచ్చిన మొదటి సంబంధం వాళ్లు, పిల్ల చామనఛాయ కంటే ఒక పిసరు తక్కువన్నారే అమ్మాయ్. అరవై ఏళ్లయినా ఆ పిసరు ఎంతో నాకిప్పటికీ తెలీదు." కాస్సేపు ఆగి మళ్లీ అన్నారు. "నీ సీరియల్సు అన్నీ చదివాను. నీ హీరోయిన్లందరికీ మీగడలాంటి ఒళ్లే. ఒక్కదానికన్నా మొటిమ వుందా? ఈ పిల్ల పదోయేట నించీ అవే చదువుతోంది."

విమర్శకులు నన్ను చాలా అన్నారు. కథ సాగదీస్తానన్నారు, కన్నీళ్లు ఎక్కువన్నారు. ఏదీ ఇంత గుచ్చుకోలేదు. మనం 1975లో వచ్చిన తెల్లబరిచే క్రీముని తిట్టుకుంటాం. 2020లో దాని పేరులోంచి "ఫెయిర్" తీసేసి "గ్లో" పెడితే చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను. కానీ నా నవలల్లో మొదటి పేజీలో నాయికని వర్ణించే ఆ నాలుగు వాక్యాలు కూడా ఒక రకం ట్యూబేనని ఆ రోజు దాకా తట్టలేదు.

మా అత్తగారు పువ్వు డబ్బాని చెత్తబుట్టలో వేశారు. యాసిడ్ ట్యూబుని మనవరాలికి తిరిగి ఇచ్చి, "శనగగింజంతే అన్నారుగా, ఎక్కువ పెట్టకు" అన్నారు.

పన్నెండు వారాలు గడిచేదాకా ఉద్యోగం ఆగదు కదా! మూడో వారంలోనే చేరాల్సి వచ్చింది. వెళ్లే రోజు పొద్దున్న మొహం మీద ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు. మచ్చలన్నీ అలాగే వున్నాయి. చున్నీ కోసం చెయ్యి చాచి, మళ్లీ ఎందుకో వెనక్కి తీసుకుంది. సాయంత్రం తిరిగొచ్చేదాకా నేను వీధి గుమ్మంలోనే వున్నాను. వచ్చి చెప్పులు విప్పుతూ, "అత్తయ్యా, ఇవాళ ఎంతమందో నా మొహంలోకి చూశారు" అంది. నా గుండె జారిపోయింది. "అందరూ ఒకటే అడిగారు, గేటెక్కడా అని!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నాలుగు నెలలయింది.

నేను కూడా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఈసారి నిజం చెప్పి! మంగు పూర్తిగా పోదనీ, అదుపులో పెట్టుకోవాలనీ, ఎండే దానికి తిండి అనీ చెప్పి నాకు కూడా అదే యాసిడ్ రాసింది. ఇప్పుడు మా బీరువాలో చీరల కింద ఏమీ లేదు. ట్యూబు అద్దం ముందే వుంటుంది. మావారు మొదటిరోజు చూసి, "ఇదేమిటోయ్?" అన్నారు. "యాసిడ్" అన్నాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

మొన్న కార్తీకమాసంలో విశాఖపట్నంలో బంధువుల ఇంట్లో పెళ్లి. మా అత్తగారికి మొట్టమొదటి విమానప్రయాణం. పదిహేనేళ్ల పైనుంచీ నెత్తి మీద విమానాలు చూడ్డమే గాని ఎక్కింది లేదు. మా మేనకోడలు యూనిఫారంలో ఎదురొచ్చి, అమ్మమ్మకి తనే చక్రాల కుర్చీ తెచ్చి కూచోబెట్టింది. దాని బుగ్గల మీద ఇంకా రెండు మూడు మచ్చలున్నాయి. వుంటే వుండనీ.

భద్రతా తనిఖీ దగ్గర నా చేతిసంచీ తెరవమన్నారు.   ఆ కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. ట్యూబు తీసి, దాని మీద మాట చదివి, కనుబొమలు కొంచెం ఎత్తాడు. నేను నోరు తెరిచేలోగా, కుర్చీలోంచి మా అత్తగారు తెలుగులోనే గట్టిగా అందుకున్నారు.

"అది గోధుమల్లో వుండేది నాయనా! మొహానికి రాసుకునేది. మొటిమలకి, మంగుకి!"

అతను నవ్వి ట్యూబు సంచీలో పెట్టేశాడు. తర్వాత ఒక్క క్షణం ఆగాడు. అప్పుడు చూశాను, గడ్డం పక్కన అతనికీ మొటిమల మచ్చలు. గొంతు తగ్గించి హిందీలో అడిగాడు. "మాతాజీ, ఇది నిజంగా పనిచేస్తుందా?"

మా అత్తగారికి హిందీ రాదు. అయినా ప్రశ్న అర్థమయింది. చూపుడువేలు ఎత్తి, వెనక వరసంతా వినేలాగ, డాక్టరమ్మ కంటే గట్టిగా చెప్పారు.

"పన్నెండు వారాలు! శనగగింజంతే! ఎండలో తిరక్కు! ముందు డాక్టర్ని అడుగు నాయనా, మా కోడల్ని మాత్రం అడక్కు!"